గేటుకీ తలుపుకీ మధ్య

కారు దిగి తలుపు దాకా నడవాలి. మహా అయితే ముప్పై అడుగులు. పక్కన భర్తో, స్నేహితురాలో ఉంటారు. ఎవరూ లేకపోతే రంగు జాకెట్ వేసుకున్న వాలంటీరు వస్తుంది. వాళ్లను అక్కడ ఎస్కార్టులంటారు. పేవ్‌మెంటు మీద నిలబడ్డవాళ్లలో కొందరి చేతుల్లో జపమాలలు, కొందరి చేతుల్లో నెత్తుటి ఫొటోలు అంటించిన అట్టలు. ఒకామె మెత్తగా ‘ఒక్క నిమిషం మాట్లాడొచ్చా తల్లీ’ అంటుంది. ఆ పక్కనే ఇంకొకాయన మెగాఫోన్‌లో ‘హంతకురాలా’ అని అరుస్తాడు. ఎస్కార్టు మాత్రం మెట్టు చూసుకోమనో, ఇవాళ ఎండ ఎక్కువనో ఏదో ఒకటి చెబుతూ ఆమెను లోపలికి చేరుస్తుంది.

అమెరికాలో అబార్షన్ క్లినిక్కుల ముందు దశాబ్దాలుగా ఇదే తంతు. గర్భస్రావం తప్పా ఒప్పా అన్న పెద్ద తగువు చర్చిల్లో, కోర్టుల్లో, ఎన్నికల సభల్లో నడుస్తుంటే దాని కొంగు పట్టుకుని ఓ చిన్న తగువు నడుస్తోంది. ఆ ముప్పై అడుగుల నేల ఎవరిది? నడిచి వెళ్లేవాళ్లదా, నిలబడి మాట్లాడేవాళ్లదా? ఈ చిన్న తగువు కోసం కాంగ్రెస్ ఓ చట్టం చేసింది. సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ టేపు పట్టుకుని అడుగులు కొలిచింది. ఒక ప్రభుత్వం జైలుకు పంపినవాళ్లను తర్వాతి అధ్యక్షుడు వచ్చీ రాగానే విడిచిపెట్టాడు. ఇప్పుడు అసలు చట్టాన్నే తీసేయాలంటున్నారు.

విచిటా వేసవి

కథ ఎక్కడ ముదిరిందో చెప్పాలంటే కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాకు వెళ్లాలి. గోధుమ చేలు, విమానాల ఫ్యాక్టరీల ఊరు. గర్భం బాగా ముదిరాక కూడా అబార్షన్ చేసే అతి కొద్దిమందిలో ఒకరైన డాక్టర్ జార్జ్ టిల్లర్ క్లినిక్ అక్కడే ఉండేది. 1991 వేసవిలో ‘ఆపరేషన్ రెస్క్యూ’ అనే సంస్థ ఆ ఊరి మీదికి దండెత్తింది. రాండల్ టెర్రీ అనే ఆయన ఎనభైల్లో మొదలుపెట్టిన సంస్థ అది. పద్ధతి మనకు కొత్తేమీ కాదు, అచ్చంగా ఘెరావే. వందల మంది వచ్చి తలుపుల ముందు కూర్చుంటారు. కార్ల చక్రాల ముందు పడుకుంటారు. పోలీసులు లేవదీస్తుంటే ఒళ్లు వదిలేస్తారు. ఒక్కొక్కరిని మోసుకెళ్లి వ్యాను ఎక్కించేసరికి ఇంకో పదిమంది వచ్చి కూర్చుంటారు. 46 రోజులు సాగింది. అరెస్టులు 2,600 దాటాయి.

పోలీసులు పట్టుకెళ్లింది దేనికింద? ఒకరి స్థలంలోకి అనుమతి లేకుండా చొరబడ్డారని. చిన్న జరిమానా కట్టి సాయంత్రానికి బయటికొస్తే మర్నాడు పొద్దున్నే మళ్లీ తలుపు దగ్గర ప్రత్యక్షం. ఊరి పోలీసుల వల్ల కాలేదు. అప్పుడు ఫెడరల్ జడ్జి పాట్రిక్ కెల్లీ పాత ఇనప్పెట్టె తెరిచి, నల్లజాతివారి మీద కు క్లక్స్ క్లాన్ దౌర్జన్యాలను అణచడానికి 1871లో చేసిన చట్టాన్ని బయటికి తీశాడు. గుంపులుగా చేరి పౌరుల హక్కులకు అడ్డుపడటం నేరమనే ఆ చట్టం ఆధారంగా మార్షల్స్‌ని దించాడు. విచిత్రమేమిటంటే, ఆయనకు ఆ అధికారం లేదని వాదించడానికి సాక్షాత్తూ కేంద్ర న్యాయశాఖే వచ్చింది. వైట్‌హౌస్‌లో అప్పుడున్నది పెద్ద బుష్.

అలాంటిదే ఇంకో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అబార్షన్‌ను వ్యతిరేకించడమంటే ఆడవాళ్లను ద్వేషించడం కాదు, కాబట్టి క్లాన్ చట్టం ఇక్కడ వర్తించదని 1993 జనవరిలో కోర్టు తేల్చేసింది. ఆ కేసులో ప్రభుత్వం తరఫున నిరసనకారుల పక్షాన వాదించిన డిప్యూటీ సొలిసిటర్ జనరల్ పేరు జాన్ రాబర్ట్స్. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

తీర్పు వచ్చి రెండు నెలలు కాలేదు. మార్చి 10న ఫ్లోరిడాలోని పెన్సకోలాలో డాక్టర్ డేవిడ్ గన్‌ను క్లినిక్ బయట కాల్చి చంపారు. ఆగస్టులో విచిటాలో టిల్లర్ రెండు చేతుల్లోకీ తూటాలు దిగాయి. ఆయన బతికాడు. తలుపు దగ్గర కూర్చోవడం నుంచి తుపాకీ దాకా ఎంతో దూరం లేదన్న భయం వాషింగ్టన్‌కు తగిలింది.

ఫేస్ చట్టం

1994 మే 26న బిల్ క్లింటన్ సంతకం పెట్టిన ఆ చట్టం పేరు పొడుగు: ఫ్రీడమ్ ఆఫ్ యాక్సెస్ టు క్లినిక్ ఎంట్రన్సెస్ యాక్ట్. పొట్టిగా ఫేస్. సెనేట్‌లో నడిపించింది ఎడ్వర్డ్ కెన్నెడీ. అక్కడ 69–30, ప్రతినిధుల సభలో 241–174. ఈ అంకెల దగ్గర కాస్త ఆగాలి. సెనేట్‌లో డజను మందికి పైగా రిపబ్లికన్లు కూడా అవునన్నారు. ఇవాళ అలాంటి ఓటింగు ఊహకు కూడా అందదు.

చట్టంలో ఉన్నది చాలా సాదా సంగతి. బలప్రయోగం, బెదిరింపు, శరీరంతో అడ్డుపడటం. ఈ మూడింట్లో దేనితోనైనా సరే, వైద్యం కోసం వచ్చినవాళ్లనో వైద్యం చేసేవాళ్లనో ఆపితే నేరం. చేయి చేసుకోకుండా దారికి మాత్రమే అడ్డం కూర్చుంటే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. గాయపరిస్తే పదేళ్లు, ప్రాణం పోతే యావజ్జీవం. అట్ట పట్టుకోవచ్చు, ప్రార్థన చేయొచ్చు, పాట పాడొచ్చు, అరవొచ్చు కూడా. రాజ్యాంగం మొదటి సవరణ కాపాడే శాంతియుత పికెటింగ్‌ను ఇది ముట్టుకోదని చట్టంలోనే రాసుకున్నారు. ఉటా సెనేటర్ ఓరిన్ హాచ్ పట్టుబట్టి ప్రార్థనా మందిరాలకు వెళ్లేవారికీ అదే రక్షణ చేర్పించాడు. ఇంకో మాట. ఇది అబార్షన్ క్లినిక్కులకే కాదు, అబార్షన్ వద్దని నచ్చజెప్పే గర్భిణుల సలహా కేంద్రాలకూ వర్తిస్తుంది.

చట్టం పని చేసిందా? వందల మంది తలుపు ముందు పడుకునే ఘెరావులు మాత్రం త్వరగానే చల్లారాయి. ఫెడరల్ కేసు అంటే సాయంత్రానికి ఇంటికెళ్లే వ్యవహారం కాదు మరి. తుపాకులు ఆగలేదు. సంతకం తడి ఆరి రెండు నెలలు గడిచీ గడవకముందే అదే పెన్సకోలాలో డాక్టర్ జాన్ బ్రిటన్‌నూ, ఆయనకు తోడుగా వచ్చిన ఎస్కార్టు జేమ్స్ బారెట్‌నూ చంపారు. ఆ ఏడాది చివర్లో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో రిసెప్షన్ బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరమ్మాయిలు పోయారు. 1998లో న్యూయార్క్ రాష్ట్రంలో డాక్టర్ బార్నెట్ స్లెపియన్‌ను ఆయన ఇంట్లోనే కాల్చారు. 2009 మే 31, ఆదివారం. విచిటాలో టిల్లర్‌ను చర్చిలోనే కాల్చేశారు.

ఇదే కథలో నన్ను అస్తమానూ ఆపేసే మలుపు ఒకటుంది. 1973లో అబార్షన్ హక్కు తెచ్చిపెట్టిన రో కేసులో ఆ ‘రో’ అసలు పేరు నార్మా మెకోర్వీ. ఆమె డాలస్‌లో ఓ క్లినిక్‌లో పని చేస్తుండగా 1995లో ఆపరేషన్ రెస్క్యూ సరిగ్గా ఆ పక్క వాటాలోకే ఆఫీసు మార్చింది. గోడకు అటూ ఇటూ ఉన్న శత్రువులు మాటామాటా కలుపుకున్నారు. ఆ ఏడే ఆమె బాప్తిస్మం తీసుకుని అటువైపు చేరిపోయింది. పేవ్‌మెంటు మీద మాటలకు విలువ లేదనేవాళ్లు ఈ ఘటనకు ఏం సమాధానం చెబుతారో.

మరి దూబగుంట సంగతేంటి?

మన దగ్గర పికెటింగ్ అన్న మాటకు గౌరవం ఎక్కువ. స్వాతంత్ర్యోద్యమంలో కల్లు దుకాణాల ముందు, విదేశీ బట్టల కొట్ల ముందు అడ్డంగా నిలబడ్డవాళ్ల కథలు చదువుకుంటూ పెరిగాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. జిల్లా అంతా సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. రోశమ్మ పేరు పాఠాల్లోకి ఎక్కింది. 1995లో మద్యనిషేధం వచ్చిందంటే దాని వెనుక ఆ చీపుళ్లు, ఆ కారప్పొడి పొట్లాలు ఉన్నాయి. వాళ్లు చేసిందీ తలుపుకు అడ్డం నిలబడటమే కదా?

ఆపరేషన్ రెస్క్యూ వాళ్లదీ ఇదే వాదన. మేం మార్టిన్ లూథర్ కింగ్ దారిలో ఉన్నాం, ప్రాణం కాపాడటానికి చిన్న చట్టాన్ని ధిక్కరిస్తున్నాం అంటారు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. నమ్మకం నిజమైనదే, కూర్చునే తీరూ అదే. కానీ దూబగుంటలో తలుపు అవతల ఉన్నది సర్కారు లైసెన్సున్న సారా వ్యాపారి. వాళ్లు ఆపింది అమ్మకాన్ని. విచిటాలో తలుపు ముందు నిలబడిపోయింది ఒక రోగి. ఏ తేదీకి ఎన్నో వారమో లెక్క ఆమె ఒంట్లో నడుస్తుంటుంది. సారా కొట్టు పదిరోజులు మూస్తే కొట్టువాడికి నష్టం. ఆమెకు పది రోజులు పోతే చికిత్సే మారిపోతుంది, ఒక్కోసారి చేజారిపోతుంది. పైగా ఆ కొట్టు ఆ ఆడవాళ్ల కాపురాల్లోకి వచ్చి కూర్చుంది. విచిటాకు బస్సుల్లో దిగినవాళ్ల కాపురాల్లోకి ఆ రోగి రాలేదు. నా మట్టుకు నాకు గీత అక్కడుంది. అందుకే ఫేస్ చట్టం న్యాయమైనదే అనిపిస్తుంది.

అడ్డు పడటం సరే, మాట్లాడటం మాటేమిటి? ఇక్కడే టేపు బయటికొస్తుంది.

ఎనిమిది, పదిహేను, ముప్పై అయిదు

ఫేస్ ఒక్కటే కాదు, రాష్ట్రాలూ కోర్టులూ కూడా రంగంలోకి దిగాయి. క్లినిక్ చుట్టూ గీత గీసి లోపల నిరసనే వద్దన్నాయి. దీన్నే బఫర్ జోన్ అంటున్నారు. ఫ్లోరిడాలో 36 అడుగుల గీతను సుప్రీంకోర్టు 1994లో ఒప్పుకుంది. 1997లో న్యూయార్క్ కేసులో తలుపు దగ్గర 15 అడుగులు సరే అంది గానీ, మనిషితో పాటు కదిలే 15 అడుగులను కొట్టేసింది. నిజమే, నడిచే మనిషి చుట్టూ నడిచే గీత ఎవరికి కనబడుతుంది! 2000లో కోర్టు ముందుకొచ్చిన కొలరాడో చట్టం ఇంకా వింత. క్లినిక్‌కు 100 అడుగుల లోపు ఎవరి దగ్గరికైనా వాళ్లు ఒప్పుకోకుండా ఎనిమిది అడుగుల కంటే దగ్గరగా వెళ్లి నచ్చజెప్పకూడదు, కరపత్రం ఇవ్వకూడదు. కోర్టు 6–3తో సరేనంది. అబార్షన్ హక్కుకు గట్టి మద్దతుదారు అయిన రాజ్యాంగ పండితుడు లారెన్స్ ట్రైబ్ కూడా ఆ తీర్పు తప్పన్నాడు.

2014లో మసాచుసెట్స్ వంతు. అక్కడ గీత 35 అడుగులు. దాని మీద కోర్టుకెక్కింది డెబ్బై దాటిన ఓ పెద్దావిడ. నేను అరవను, పక్కన నడుస్తూ మాట్లాడతాను, మీ గీత అవతలి నుంచి మాట్లాడాలంటే అరవాల్సి వస్తోంది అన్నది ఆమె గోడు. తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఆమె వైపే మొగ్గారు. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి. జాన్ రాబర్ట్స్. ఇరవై ఏళ్ల కిందట నిరసనకారుల పక్షాన నిలబడ్డ వకీలే. రాబర్ట్స్ చెప్పిందేమిటంటే, వీధి, పేవ్‌మెంటు మాటలకు పుట్టిల్లు లాంటివి, అక్కడ అందరి నోరూ మూయించకండి. దారి అడ్డుకునేవాళ్లను పట్టుకోవాలంటే ఫేస్ లాంటి చట్టం చేసుకోండి. అలా ఆ చట్టం సంప్రదాయవాద ప్రధాన న్యాయమూర్తి చేతనే మంచి ఉదాహరణ అనిపించుకుంది.

ఇక్కడో విడ్డూరం. వీధుల్లో మాటను అంతగా కాపాడిన ఆ సుప్రీంకోర్టు సొంత పాలరాతి ముంగిట్లో మాత్రం ధర్నా నిషేధం. అట్ట పట్టుకోవాలంటే మెట్లు దిగి పేవ్‌మెంటు మీదికి పోవాలి. గీతలు మనకూ తెలియనివి కావు. పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపు ప్రచారం చేయకూడదని సున్నంతో గీత గీస్తే ఎవరూ భావప్రకటన పోయిందని ఏడవరు. లోపలికి వెళ్లే మనిషి అప్పటికే ఓ నిర్ణయానికి వచ్చే ఉంటుంది, చివరి నిమిషంలో చెయ్యి పట్టి లాగకండి అన్నది ఆ గీత అర్థం. క్లినిక్ దగ్గర గీత కోరేవాళ్లు చెప్పేదీ అదే.

జైలు, క్షమాభిక్ష

2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో రో తీర్పు కూలింది. అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదు, రాష్ట్రాలు చూసుకోవాలి. హక్కు పోయినా తలుపు చట్టం మిగిలింది. బైడెన్ ప్రభుత్వం దాన్ని గట్టిగా పట్టుకుంది. 2020 అక్టోబరులో వాషింగ్టన్‌లోని ఓ క్లినిక్‌లోకి కొందరు దొంగపేరుతో అపాయింట్‌మెంట్ తీసుకుని దూరారు. తలుపులకు అడ్డంగా గొలుసులతో, తాళ్లతో తమను తాము కట్టేసుకున్నారు. తోపులాటలో ఓ నర్సు చీలమండ బెణికింది. అంతా వాళ్లే లైవ్‌లో చూపించుకున్నారు. ఫేస్‌తో పాటు హక్కుల మీద కుట్ర అనే బరువైన సెక్షన్ కూడా పెట్టారు. నాయకురాలికి 2024 మేలో 57 నెలల జైలు పడింది. డెబ్బై దాటిన ముసలివాళ్లకూ శిక్షలు పడ్డాయి. ఇంకోపక్క పెన్సిల్వేనియాలో ఇంటికి వచ్చి మరీ అరెస్టు చేసిన ఓ క్యాథలిక్ కార్యకర్తను 2023 జనవరిలో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఎస్కార్టుతో తోపులాట తగాదాను ఫెడరల్ కేసుగా మార్చారన్న మాట రిపబ్లికన్ల నోళ్లలో నానింది.

నర్సు నొప్పి నిజం, లోపల చిక్కుకుపోయిన రోగుల గాభరా నిజం. అయినా తలుపుకు గొలుసు కట్టుకున్నందుకు దాదాపు అయిదేళ్లు అంటే నాకూ మింగుడు పడలేదు.

కానీ ఆ తర్వాత జరిగింది శిక్ష తగ్గించడం కాదు. 2025 జనవరి 23న, అధ్యక్షుడై నాలుగో రోజుకు, డొనాల్డ్ ట్రంప్ 23 మందికి క్షమాభిక్ష పెట్టాడు. మర్నాడే వాషింగ్టన్‌లో అబార్షన్ వ్యతిరేకుల వార్షిక ఊరేగింపు. అదే రోజు న్యాయశాఖ తాఖీదు: ప్రాణం పోవడమో, తీవ్ర గాయమో, భారీ ఆస్తి నష్టమో లాంటివి ఉంటే తప్ప అబార్షన్ సంబంధిత ఫేస్ కేసులు పెట్టొద్దు. నడుస్తున్న కొన్ని దావాలను అక్కడికక్కడే వదిలేశారు. చట్టం పుస్తకంలో ఉంది, క్లినిక్ దగ్గర అమలులో లేదు. టెక్సాస్ ప్రతినిధి చిప్ రాయ్, ఉటా సెనేటర్ మైక్ లీ చట్టాన్నే రద్దు చేయాలని బిల్లులు పెట్టారు. డాబ్స్ తర్వాత కేంద్రానికి ఇందులో పనేముంది, పైగా దీన్ని ఒకవైపు వాళ్ల మీదే వాడారు అన్నది వారి వాదం. రెండో మాట పూర్తిగా నిజం కాదు. ఫ్లోరిడాలో గర్భిణుల సలహా కేంద్రాల గోడల మీద బెదిరింపులు రాసిన అబార్షన్ అనుకూలురను బైడెన్ న్యాయశాఖ ఇదే చట్టం కింద బోనెక్కించింది. సరిసమానంగా వాడారంటే అదీ నిజం కాదు, ఎక్కువ కేసులు ఒకవైపే పడ్డాయి. అసలు దాడులు, అడ్డగింతలు కూడా ఎక్కువగా జరిగింది క్లినిక్కుల దగ్గరే మరి.

ఇంతలో తమాషా చూడండి. న్యూజెర్సీలో యూదుల ప్రార్థనా మందిరం ముందు జరిగిన నిరసన మీద 2025లో ట్రంప్ న్యాయశాఖే ఫేస్ కింద సివిల్ దావా వేసింది. ఓరిన్ హాచ్ చేర్పించిన ఆ వాక్యం ముప్పై ఏళ్ల తర్వాత కళ్లు తెరిచింది. క్లినిక్ తలుపుకు వద్దన్న చట్టం గుడి తలుపుకు ముద్దొచ్చింది.

సముద్రం అవతల

బ్రిటన్ దారి వేరు. అక్కడ తుపాకులు లేవు, ఘెరావులు తక్కువ. జపమాలలు, కరపత్రాలే ఎక్కువ. 2018లో లండన్ పశ్చిమాన ఈలింగ్ కౌన్సిల్ ఓ క్లినిక్ చుట్టూ మొదటి గీత గీసింది. లేబర్ ఎంపీ స్టెల్లా క్రీసీ తెచ్చిన సవరణకు 2022 అక్టోబరులో కామన్స్ సభ 297–110తో తలూపింది. 2024 అక్టోబరు 31 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రతి క్లినిక్ చుట్టూ 150 మీటర్లు రక్షిత ప్రాంతం. స్కాట్లాండ్‌లో 200 మీటర్లు, అక్కడ బిల్లుకు వ్యతిరేకంగా పడ్డది ఒక్క ఓటు.

ఈ చట్టం కంటే ముందే బోర్న్‌మత్‌లో కౌన్సిల్ గీసిన గీత లోపల నిలబడి మౌనంగా ప్రార్థించిన ఓ మాజీ సైనికుడిని కోర్టు దోషిగా తేల్చి 9,000 పౌండ్ల ఖర్చులు కట్టమంది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి.వాన్స్ మ్యూనిక్ సదస్సులో ఆ కేసు ఎత్తి యూరప్‌లో స్వేచ్ఛ పోయిందని ఉపన్యసించాడు. రష్యా గురించి వినడానికొచ్చిన సేనాపతులు బిక్కమొహాలు వేశారు. వాన్స్ స్వదేశంలో తలుపు అడ్డుకున్నవాళ్లకు క్షమాభిక్ష దొరికి అప్పటికి మూడు వారాలు. అది అటుంచి, తల వంచుకుని నోరు మెదపకుండా నిలబడ్డ మనిషిని ఏం ప్రార్థిస్తున్నావని పోలీసు అడగడం ఏ చట్టానికైనా శోభనివ్వదు. అడ్డుపడటాన్ని కొలవొచ్చు. మనసులో మాటను ఏ టేపుతో కొలుస్తారు?

ఐర్లండ్ గీతకు మాత్రం మనతో ఒక రుణం ఉంది. 2012 అక్టోబరు 28న గాల్వే ఆసుపత్రిలో సవితా హలప్పనవర్ చనిపోయింది. బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు, వయసు 31. పదిహేడు వారాల గర్భం నిలవదని తేలిపోయినా, పిండం గుండె కొట్టుకుంటోందని అబార్షన్‌కు ఒప్పుకోలేదు. ఒళ్లంతా విషం పాకింది. ఆమె ఫొటో పట్టుకుని ఆ దేశం వీధుల్లోకి వచ్చింది. 2018 మేలో మూడింట రెండు వంతుల మంది నిషేధాన్ని రద్దు చేయాలని ఓటేశారు. 2024 అక్టోబరు నుంచి అక్కడ ప్రసూతి ఆసుపత్రుల, క్లినిక్కుల చుట్టూ 100 మీటర్లు నిరసన నిషేధం.

మన తలుపులు

మన దేశంలో ఈ చర్చ వింటే విడ్డూరంగా ఉంటుంది. 1971లో పార్లమెంటు వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం చేసినప్పుడు పెద్ద గొడవేం జరగలేదు. క్లినిక్ ముందు జపమాలలు లేవు, ఎస్కార్టుల అవసరం రాలేదు. అమెరికా ఫేస్ చట్టం చేసిన 1994లోనే మనం లింగనిర్ధారణ పరీక్షల నిషేధ చట్టం చేసుకున్నాం. వాళ్ల భయం తలుపు మూసేస్తారని, మన భయం ఆడపిల్ల అని తెలిస్తే తలుపు తీసేస్తారని.

అలాగని దారి నున్నగా ఉందనుకోవద్దు. పద్దెనిమిది నిండిన స్త్రీ ఒక్కతే సంతకం పెడితే చాలని చట్టం. కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న మాత్రం ‘మీ ఆయన వచ్చారా?’ అని. పెళ్లి కాలేదంటే మీ అమ్మను తీసుకురమ్మంటారు. చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెడుతున్నారని 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో మన సుప్రీంకోర్టే రాసింది. మన దగ్గర గేటు బయట ఎవరూ ఉండరు. అడ్డం బల్ల అవతల కుర్చీలో ఉంటుంది, తెల్లకోటు వేసుకుని.

రోడ్డు మీదికి

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ఊళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. సంక్రాంతి ముగ్గుల పోటీలు, గుళ్లో కల్యాణాలు అక్కడే. ఆ టెక్సాస్‌లో ఇప్పుడు అబార్షన్ క్లినిక్కులు లేవు. డాబ్స్ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పుంటే తప్ప అంతా నిషేధం. కాబట్టి అక్కడ గేటు దగ్గర తగువు లేదు, గేటే లేదు. అవసరం పడ్డామె న్యూ మెక్సికోకో కాన్సాస్‌కో పోవాలి. డాలస్ నుంచి 35వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద ఉత్తరానికి అయిదారు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చేది విచిటాయే. టిల్లర్ పోయిన నాలుగేళ్లకు ఆయన క్లినిక్ భవనంలోనే వేరే పేరుతో ఇంకో క్లినిక్ తెరిచారు. 2022 ఆగస్టులో కాన్సాస్ ఓటర్లు అబార్షన్ హక్కును ఉంచుకోవాలనే 59 శాతం ఓట్లేశారు.

గేటు లేకపోయేసరికి తగువు రోడ్డెక్కింది. 2023 అక్టోబరులో టెక్సాస్‌లోని లబ్బక్ కౌంటీ ఓ తీర్మానం చేసింది. అబార్షన్‌కు వెళ్లే స్త్రీని మా కౌంటీ రోడ్ల మీదుగా తీసుకెళ్లినవాళ్ల మీద ఎవరైనా దావా వేయొచ్చు. ఎనిమిది అడుగులు, ముప్పై అయిదు అడుగులు అనుకుంటూ మొదలైన గీత ఇప్పుడు కౌంటీ పొలిమేర పొడుగునా సాగింది. అలాంటిదే అమరిల్లోలో కూడా పెట్టాలని చూశారు. న్యూ మెక్సికోకు పోయే 40వ నంబరు ఇంటర్‌స్టేట్ ఆ ఊళ్లోంచే వెళ్తుంది. గొడ్ల మార్కెట్లకు పేరుబడ్డ, రిపబ్లికన్లకు పెట్టని కోట లాంటి ఊరు. నగర కౌన్సిల్ కాదంటే, సంతకాలు సేకరించి బ్యాలెట్ మీదికి తెచ్చారు. 2024 నవంబరులో, ట్రంప్‌ను గెలిపించిన అదే రోజున, అమరిల్లో జనం ఆ ప్రతిపాదనను ఓడించారు. రోడ్డు మాత్రం అందరిదీ అనుకున్నారు కాబోలు.